ఒక బార కెరటం

గున్నయ్యపేట,
18 ఏప్రిల్ 2017.

రంగనాథం మాస్టారికి, ఉష నమస్కారాలతో రాస్తున్నాను.

నన్ను గుర్తుపడతారో లేదో. మీరు మా రేవు హైస్కూల్లో పనిచేసిన చివరి ఏళ్ళలో మూడో బెంచీలో కూర్చున్న ఉషని. నీళ్ళ గ్లాసులో పెన్సిలు పెట్టి, ఇది విరిగినట్టు ఎందుకు కనిపిస్తోంది అని మీరు అడిగితే, నీళ్ళలో నాని మెత్తబడింది మాస్టారూ అన్నాను. మీరు నవ్వి నవ్వి కళ్ళజోడు కింద పడేసుకున్నారు. ఆ ఉషని, అప్పలసూరి కూతుర్ని.

మీకు ఇప్పుడు ఫోనులో ఏమీ వినపడదని హెడ్మాస్టరు గారు చెప్పి, చీపురుపల్లి అడ్రసు ఇచ్చారు. అందుకే ఉత్తరం.

ఇంటరు ఎంపీసీ పాసయ్యాను. డిగ్రీకి పంపడం నాన్న వల్ల కాలేదు. ఏడాదిగా అమ్మతో కలిసి చేపలు ఎండబెడుతున్నాను. మా చిన్నాన్న ఎల్లాజీ గుజరాతు బోట్లలో పనిచేసి వస్తూ పెద్ద ఫోను తెచ్చాడు. పగలంతా అది నా చేతిలోనే ఉంటుంది. తుఫాను షెల్టరు మేడ ఎక్కితే నెట్టు బాగా వస్తుంది. అమ్మ కింద నుంచి అరుస్తుంది: "ఆ పెట్టెలో ఏటున్నాదే, సేపలున్నాయేటి?"

చేపలు లేవు గానీ చెత్త బోలెడుంది మాస్టారూ. సముద్రం గురించి సైన్సు అని కొడితే మొదట వచ్చింది, సముద్రం అడుగున నాగలోకం, వణికిపోయిన శాస్త్రవేత్తలు. నలభై లక్షల మంది చూశారట. దాని కింద నడుము నొప్పికి నూనె. ఏది మంచి సైటో ఏది కాదో ఎలా తెలుసుకోవాలి? మీరైతే చెప్పగలరని రాస్తున్నాను.

ఎందుకంటే, నాన్నా చిన్నాన్నా ఒకే బోటులో వెళ్తారు. పోయిన ఏడాది మా రేవులో ఇద్దరు తిరిగి రాలేదు. బోటు వెళ్ళినప్పటి నుంచి అది కనబడేదాకా అమ్మ ముద్ద మింగదు. నాకు అలా బతకాలని లేదు. జూన్ పద్నాలుగు దాకా వేట నిషేధం. ఈలోగా ఆ సముద్రం ఏమిటో చదివి తెలుసుకోవాలి.

చిన్నాన్న నంబరు వెనక రాశాను. అత్యవసరమైతే మీ ఇంట్లో ఎవరిచేతనైనా చెప్పించండి.

మీ విద్యార్థిని,
ఉష.


చీపురుపల్లి,
26 ఏప్రిల్ 2017.

అమ్మా ఉషా,

పెన్సిలు నానబెట్టిన పిల్లను ఎలా మరిచిపోతాను? నీ జవాబు తప్పే గానీ, గ్లాసులోకి చూసి చెప్పింది నువ్వొక్కదానివే. మిగతా ముప్పైమందీ నా మొహంలోకి చూశారు.

షాపు లెటరుప్యాడు మీద రాస్తున్నానని ఏమీ అనుకోకు. మాది బెల్లం, ఉల్లిపాయల హోల్‌సేలు. మా అన్న కొడుకు రాంబాబు నడుపుతాడు. పైన గదిలో నేనూ నా కంప్యూటరూ. చెవిలో పెట్టుకునే మిషను ఈల వేస్తుంది తప్ప మాట వినిపించదు. ఒక రకంగా హాయే. కొట్లో బేరాలు వినక్కర్లేదు.

రిటైరైన రెండేళ్ళుగా నేను చేస్తున్న పని నువ్వు అడిగిందే. మూడు వందల పైచిలుకు సైన్సు సైట్లు చూశాను. నలభైమూడు మాత్రం నోటుబుక్కులోకి ఎక్కాయి. వాటిలో పదింటి అడ్రసులు ఈ ఉత్తరం వెనకాల విడివిడి ఇంగ్లీషు అక్షరాల్లో రాశాను, చుక్క కూడా వదలకుండా కొట్టు. ఒకటి విదేశీ విశ్వవిద్యాలయం వాళ్ళ భౌతికశాస్త్ర పాఠాలు, రూపాయి అడగరు. ఒకదానిలో వేలితో బొమ్మను కదిపితే లోలకం ఊగుతుంది, దాని తాడు పొడుగు నువ్వే మార్చుకోవచ్చు. ఎనిమిదోది నీకోసమే వెతికాను. ప్రపంచంలోని సముద్రాలన్నిటి కెరటాల పటం. ఏ చోట వేలు పెడితే అక్కడి అల ఎత్తు మీటర్లలో చూపిస్తుంది, రాబోయే మూడు రోజులకు కూడా.

మంచి చెడ్డలు ఎలా పోల్చుకోవాలంటావా. మీ నాగలోకం సైటు అడుగుదాకా వెళ్ళి చూడు. రాసినవాడి పేరుండదు, రాసిన తేదీ ఉండదు. అంకెలు ఉంటే వాటికి ప్రమాణాలుండవు. మంచి సైటులో అడుగున చిన్న అక్షరాలు ఉంటాయి. ఈ అంకె ఎలా వచ్చింది, ఎక్కడ పనికిరాదు అని అక్కడ ఒప్పుకుంటారు. అందరూ పైపైన చూసి వదిలేస్తారు, నువ్వు మాత్రం అవి చదవకుండా దేన్నీ నమ్మకు. మాకు తెలియదు అని ఒక్కసారైనా చెప్పని సైటును అసలు నమ్మకు. మనుషుల సంగతీ అంతే.

మీ నాన్నకు నా మాటగా చెప్పు, కూతురు చదువు ఆపలేదని, మేడ మీదికి మారిందని.

నీ మాస్టారు,
రంగనాథం.


గున్నయ్యపేట,
4 జూన్ 2017.

మాస్టారికి,

లోలకం మూడు రోజులు వదల్లేదు. పాఠాల్లో ఇంగ్లీషు తిప్పలు పెడుతోంది గానీ, ఒక్కొక్కటి నాలుగుసార్లు వింటే పడుతోంది. అల ముందుకు వెళ్తుంది గానీ నీళ్ళు అక్కడే గుండ్రంగా తిరుగుతాయట. అది చిన్నాన్నకు చెబితే, "మరి నా వల ఎవుడట్టుకెళ్ళాడే?" అన్నాడు.

ఇక ఎనిమిదోది. దాన్ని చూస్తూ కూర్చుంటే తిండి గుర్తురాదు. మా రేవు ఎదురుగా వేలు పెడితే అంకె వస్తుంది. వారం రోజులు అంకె చూడ్డం, ఒడ్డుకెళ్ళి కెరటం చూడ్డం. ఎక్కువ ఉన్న రోజు ఎక్కువే ఉంది, తక్కువ ఉన్న రోజు తక్కువే.

మా దగ్గర ఈ పని దాలయ్య తాతది. డెబ్బై దాటాయి. బోట్లు దించే ముందు ఇసుకలో కూర్చుని వంద కెరటాలు లెక్కపెడతాడు. నీళ్ళలో ఒక గెడ పాతి, దానికి ఎర్రగుడ్డ కట్టి ఉంటుంది. గుడ్డను ముంచేసిన కెరటానికల్లా ఒక గవ్వ తీసి పక్కన పెడతాడు. వంద అయ్యేసరికి గవ్వలు ఐదు దాటకపోతే తువ్వాలు ఊపుతాడు. దాటితే లేచి ఇంటికి వెళ్ళిపోతాడు, ఆ రోజు ఎవరూ బోటు దించరు. ఆ లెక్క మూలంగా నెలలో ఆరేడు రోజులు వేట పోతోందని కుర్రవాళ్ళు గొణుగుతారు.

నాన్నకు మీటర్లంటే అర్థం కాదు. మాకు లోతైనా ఎత్తైనా బారల్లోనే, చేతులు రెండూ చాపితే ఒక బార. ఒకటి పాయింటు ఎనిమిది మీటర్లు అంటే ఒక బార అని లెక్కవేశాను, సరేనా? బార లోపు కెరటం మీద మా బోటు వెళ్తుందని నాన్న అంటున్నాడు.

ఒక సందేహం. ఆ సైటులో అల ఎత్తు అనే మాటకు ముందు ఇంకో ఇంగ్లీషు మాట ఉంది. ముఖ్యమైన అల ఎత్తు అన్నట్టుంది. అడుగున చిన్న అక్షరాల్లో, ఈ అంకెల అర్థం, అని ఒక లింకు ఉంది. నొక్కితే ఫోను తెల్లబడి తిరుగుతూ ఉంటుంది, ఎంతకీ తెరుచుకోదు. చదవకుండా నమ్మొద్దని మీరన్నారు కదా. మీ కంప్యూటరులో తెరిచి చదివి చెప్పండి. అది ఒక్క పెద్ద కెరటం ఎత్తా, మామూలు వాటి ఎత్తా?

నిషేధం పది రోజుల్లో ఎత్తేస్తారు.

ఉష.


చీపురుపల్లి,
11 జూన్ 2017.

అమ్మా ఉషా,

నీ బారల లెక్క భేషుగ్గా ఉంది. మన మనుషుల కొలతలోకి సైన్సును దింపడం నాకు ముప్పైనాలుగేళ్ళ సర్వీసులో చేతకాలేదు.

ఆ పేజీ చదివాను. కొత్తదేమీ లేదు. అల ఎత్తు అంటే శృంగం నుంచి ద్రోణి దాకా, అంటే అల కొన నుంచి పల్లం దాకా, ఎనిమిదో తరగతిలో బల్ల మీద తాడు ఊపి చూపించాను కదా. ముఖ్యమైన అంటే, చిన్నాచితకా అలల్ని పక్కన పెట్టి, లెక్కలోకి తీసుకోదగ్గ పెద్ద అల ఎత్తు అని. సైటు ఒక బార అంటే పెద్ద కెరటం ఒక బార. ధైర్యంగా చెప్పు.

దాలయ్యగారి గవ్వల లెక్క బాగుంది. పరిశీలన అంటే అదే. కాకపోతే ఆయన చూడగలిగింది ఒడ్డున ఉన్న కెరటాన్ని. నీ పటం ఉపగ్రహాలు చూసిన సముద్రం. పెద్దాయన్ని నొప్పించకు, కానీ రెంటినీ ఒకే తక్కెడలో పెట్టకు.

ఈ సంగతి మా టౌను క్లబ్బులో చెప్పాను. ఎవరో అడిగారట, చేపలవాళ్ళ పిల్లకు అంత తెలుస్తుందా అని. రాంబాబు కాగితం మీద రాసి చూపించాడు. నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ మనవలకు లక్షలు పోసి చెప్పిస్తున్న చదువు నువ్వు మేడ మీద ఎండలో కూర్చుని చదువుతున్నావని కేకలేశాను. నా కేక ఎంత పెద్దదో నాకు తెలియదు, అందరూ తలలు దించుకున్నారు.

నీ మాస్టారు,
రంగనాథం.


గున్నయ్యపేట,
25 జూలై 2017.

మాస్టారికి,

నెల దాటింది రాసి. పని పెరిగిపోయింది. రోజూ ఉదయం షెల్టరు గోడ మీద బొగ్గుతో అంకె రాస్తున్నాను. అర బార, ముప్పావు బార, బార. మొదట చిన్నాన్న ఒక్కడే చూసేవాడు. తెల్లారేసరికి గుమ్మం ముందు నిలబడి, "ఒసే ఉషా, ఈ రోజు ఎంతే?" అని కేక. ఇప్పుడు పద్నాలుగు బోట్లవాళ్ళూ చూస్తున్నారు. దాలయ్య తాత లేచి వెళ్ళిపోయిన నాలుగు రోజులు గోడ మీద ముప్పావు బారే ఉంది. అందరూ వెళ్ళారు, నిండుగా తెచ్చుకున్నారు. చిన్నాన్న సోంపేట నుంచి నీలం రంగు డబ్బా తెచ్చి, గోడ మీద "ఈ రోజు కెరటం" అని పెద్ద అక్షరాలతో రాశాడు. పక్కన నేను అంకె వేస్తాను.

తాత వారం రోజులుగా ఒడ్డుకు రావడం లేదు. గవ్వలు కుప్పగా అక్కడే ఉన్నాయి. ఎవరూ తీయలేదు, ఎవరూ తొక్కలేదు కూడా.

రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. శనివారం నేను బార అని రాశాను. ఒడ్డు దాటుతుంటే లేచిన కెరటం ఒకటి, చిన్నాన్న నిలువునా ఎత్తిపట్టిన తెడ్డు మీది నుంచి వెళ్ళిందట. వల పోయింది. చిన్నాన్న నుదురు చీరుకుని ఐదు కుట్లు పడ్డాయి. అయినా నవ్వుతూనే ఉన్నాడు, "వాతావరణం మేడం, ఇది నీ బారా, మా తాత బారా?" అని. నాన్న మాత్రం నవ్వలేదు.

నేను దాలయ్య తాత ఇంటికి వెళ్ళాను. నామీద కోపంగా ఉంటాడనుకున్నాను. చేప పులుసు పెట్టాడు. తిన్నాక అన్నాడు: "పాపా, నీ ఫోను సెప్పేది కెరటాల గుంపు గురించి. బోటుని కొట్టేది గుంపు కాదు, ఒక్కటే. ఆ ఒక్కటీ ఎంతుంటాదో అది సెప్తాదా? అడిగి సూడు."

అందుకే మళ్ళీ అడుగుతున్నాను. ఆ చిన్న అక్షరాల పేజీ ఇంకొక్కసారి చూడండి మాస్టారూ. నా ఫోనులో ఇప్పటికీ తెరుచుకోవడం లేదు.

ఉష.


చీపురుపల్లి,
6 ఆగస్టు 2017.

అమ్మా ఉషా,

ఎల్లాజీ కుట్లు మానాయని తలుస్తాను. వాడికి నా ఆశీస్సులు.

నువ్వు బెదిరిపోయావు. సహజమే. కానీ సైన్సు చదివేవాళ్ళు ఒక్క సంఘటనతో సూత్రాన్ని వదిలేయకూడదు. మీదికి విరుచుకుపడే నీటిని కింద కూర్చున్నవాడు కొలిస్తే రెండింతలు కనబడుతుంది. ముప్పై రోజులు నీ అంకె సరిపోయింది, ఒక్క రోజు తేడా వచ్చింది. నువ్వే చెప్పు, ఏది లెక్క? ఆ పేజీ నేను చదివాననే చెప్పాను కదా. ప్రతిదానికీ మాస్టార్ని అనుమానిస్తే చదువు సాగదమ్మా.

దాలయ్యగారి మాట అందంగా ఉంది. అందమైన మాటలన్నీ నిజాలు కావు.

ఇప్పుడు సంతోషమైన విషయం. సెప్టెంబరు ఐదున టౌను క్లబ్బువాళ్ళు నాకు సన్మానం చేస్తున్నారు. సముద్రపు ఒడ్డు పిల్లకు ఇంటర్నెట్టు ద్వారా సైన్సు నేర్పి ప్రాణాలు కాపాడుతున్న గురువు అని కరపత్రం వేశారు. నీ పేరు కూడా ఉంది. ఆ రోజు నువ్వు వచ్చి నాలుగు మాటలు మాట్లాడాలి. నాకు వినపడకపోయినా వాళ్ళకు వినపడుతుంది. అదే నాకు కావాలి. మా నాన్న నన్ను కొట్లో కూర్చోబెట్టాలని ఎంత గొడవ చేశాడో నీకు తెలియదు. పంతులుగిరీతో ఏం సాధించావురా అని ఇప్పటికీ ఈ వీధి అడుగుతూనే ఉంది.

రాంబాబు రైలు ఛార్జీలు పంపుతాడు.

నీ మాస్టారు,
రంగనాథం.


గున్నయ్యపేట,
28 ఆగస్టు 2017.

మాస్టారికి,

సన్మానానికి రాలేను, క్షమించండి. ఉదయం పూట నేను లేకపోతే గోడ మీద అంకె వేసేవాళ్ళు లేరు. పక్క రెండు పేటలవాళ్ళు కూడా సైకిలు మీద వచ్చి చూసుకు వెళ్తున్నారు. కరపత్రం నాన్నకు చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు.

మీరు చదివానన్నారు కాబట్టి ఇక అడగను. తాతతో కూడా అదే చెప్పాను, మాస్టారు చదివి చెప్పారు తాతా అని. ఆయన "అయితే సరేలే" అన్నాడు.

సముద్రం రంగు మారింది. ఈ నెలలో ఎప్పుడూ ఇలాగే ఉంటుందని అమ్మ అంటోంది. రోజూ అంకె వేశాక నేను కూడా బోటు వచ్చేదాకా ఏమీ తినడం లేదు. అమ్మకు చెప్పలేదు.

ఉష.


చీపురుపల్లి,
3 సెప్టెంబరు 2017, ఆదివారం.

అమ్మా ఉషా,

వెంటనే చదువు. కెరటాల సైటులో నేను చెప్పిన అర్థం తప్పు.

అక్కడ చూపించే అంకె పెద్ద కెరటం ఎత్తు కాదు. లేచిన కెరటాలన్నిటినీ ఎత్తు ప్రకారం వరస పెట్టి, పైనున్న మూడో వంతు తీసుకుని, వాటికి వేసిన సగటు. అంటే ఆ అంకెను దాటే కెరటాలు ప్రతి గంటా చాలానే ఉంటాయి. వందలో ఒకటి దానికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అరుదుగా రెండింతలు కూడా రావచ్చు, దానికి సిద్ధంగా ఉండాలని వాళ్ళే స్పష్టంగా రాశారు. నీ గోడ మీద ఒక బార అని ఉన్న రోజు, రెండు బారల కెరటం రాగలదు.

దాలయ్యగారు గవ్వలతో లెక్కపెడుతున్నది సరిగ్గా ఆ పెద్దవాటినే. ఆయన్ని ఒడ్డుకు పిలిపించు. గోడ మీద అంకెను రెండింతలు చేసి రాయి.

రంగనాథం.


గున్నయ్యపేట,
18 సెప్టెంబరు 2017.

మాస్టారికి,

మీ ఉత్తరం పదిహేనో తేదీన అందింది.

తొమ్మిదో తేదీ శనివారం ఉదయం పటంలో ఒకటి పాయింటు తొమ్మిది మీటర్లు ఉంది. గోడ మీద బార అని వేశాను. ఆ రోజు దాలయ్య తాత చాలా రోజుల తరవాత ఒడ్డుకు వచ్చాడు. ఎవరూ పిలవలేదు. కూర్చుని లెక్కపెట్టాడు. వంద కాకముందే లేచాడు. తువ్వాలు ఊపలేదు. నేరుగా మా బోటు దగ్గరికి వచ్చి తాడు పట్టుకున్నాడు. "సూరీ, ఆగు. గవ్వలు తొమ్మిదయినాయి" అన్నాడు. నాన్న ఆగాడు మాస్టారూ. నాన్న ఆగాడు. చిన్నాన్న గోడ వైపు చూపించి, "బారే ఉన్నాది తాతా, ఉష రాసింది సూడు" అన్నాడు. తాత నా వైపు చూశాడు. నేను మాట్లాడకుండా ఉండాల్సింది. మాస్టారు చదివి చెప్పారు తాతా అన్నాను.

తాత తాడు వదిలేశాడు.

మూడు కెరటాలు దాటారు. నాలుగోది లేచినప్పుడు బోటు దాని ముందు నిలువుగా నిలబడింది. తరవాత బోటు అడుగు కనబడింది. మిగతా బోట్లు దించలేదు. నాన్న ఖాళీ డబ్బా పట్టుకుని గంటన్నరకు ఒడ్డున పడ్డాడు. చిన్నాన్న మూడో రోజు, రెండు పేటల అవతల దొరికాడు. నుదుటి మీద కుట్ల గుర్తు చూసి పోల్చాం.

ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మ నా నోట్లో అన్నం పెడుతోంది. తెల్లారేసరికి నాకు మెలకువ వచ్చేస్తుంది, ఎవరూ కేక వేయరు. వానకు గోడ మీది బొగ్గు కొట్టుకుపోయింది. ఈ రోజు కెరటం అని చిన్నాన్న వేసిన నీలం రంగు మాత్రం ఉంది.

నాన్న మీకు ఒక మాట రాయమన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను: "మాస్టారు బెంగెట్టుకుంటాడు. తప్పు సంద్రానిది, సదువుది కాదని రాయి. మంచోడు, మన పిల్లకి అచ్చరం ఇచ్చినోడు."

ఇప్పుడు నేను అడగాల్సింది. మీ ఉత్తరం లోపల తేదీ మూడు. కవరు మీద చీపురుపల్లి పోస్టాఫీసు ముద్ర పన్నెండు. మొదట నా కళ్ళే తప్పనుకుని ఎండలోకి తీసుకెళ్ళి చూశాను. పన్నెండే. మా పేట పేరుతో వార్త పేపరులో పదకొండున వచ్చింది. మూడో తేదీన రాసి మీ దగ్గరే ఉంచుకున్నారా? లేక పదకొండున వార్త చూశాక రాసి, మూడు అని తేదీ వేశారా? రెండూ ఆలోచించాను. రెండూ మీకు నప్పడం లేదు.

చిన్నాన్న నంబరు మొదటి ఉత్తరంలోనే రాశాను. మీ లెటరుప్యాడు మీద షాపు ఫోను నంబరు అచ్చు వేసి ఉంది. ప్రతి ఉత్తరంలోనూ అది నాకు కనబడుతూనే ఉంది.

మూడో తేదీ ఉత్తరం నాన్నకు ఇంకా చదివి వినిపించలేదు. మాస్టారు ఏటి రాశారే అని రోజూ అడుగుతున్నాడు.

ఉష.


చీపురుపల్లి,
22 సెప్టెంబరు 2017.

ఉషా,

అమ్మా అని రాయబోయి ఆగాను. ఆ పిలుపుకు నేను ఇంకా తగుదునో కాదో నువ్వే చెప్పాలి.

మూడో తేదీనే రాశాను. నా దగ్గరే ఉంచుకున్నాను.

జూన్‌లో నువ్వు అడిగినప్పుడు ఆ పేజీ తెరిచాను. పదకొండు పేజీల ఇంగ్లీషు, సగం సూత్రాలు. సగం పేజీ చదివేసరికి నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒక పేద పిల్లకు రాయడానికి నామోషీ వేసి మూసేశాను. చదివాను, కొత్తదేమీ లేదు అని రాశాను. జూలైలో నువ్వు మళ్ళీ అడిగితే తెరవను కూడా లేదు, కోపం మాత్రం తెచ్చుకున్నాను. తెలియదని ఒప్పుకోనివాణ్ణి నమ్మొద్దని నీకు రాసింది నేనే.

సెప్టెంబరు మూడున సన్మానంలో చదవడానికి ఒక గట్టి వాక్యం కావాలని ఆ పేజీ తెరిచాను. ఈసారి డిక్షనరీ పక్కన పెట్టుకుని చివరిదాకా చదివాను. వెంటనే నీకు రాశాను. ఆ రోజు ఆదివారం, పోస్టాఫీసు లేదు. రాంబాబు ఫోను కింద బల్ల మీదే ఉంది. నీ మొదటి ఉత్తరం నా ఫైల్లో ఉంది. మెట్లు పదమూడు. దిగి ఉంటే రాంబాబు ఎందుకు అని అడిగేవాడు. చెప్పాల్సి వచ్చేది. రెండు రోజుల్లో సన్మానం. ఐదు దాటాక పంపుదాం అనుకున్నాను.

ఐదున శాలువా కప్పారు. నీ పేరు చదివి చప్పట్లు కొట్టారు, నాకు చేతులు కదలడం కనబడింది. ఆరు నుంచి పది దాకా రోజూ ఉత్తరం జేబులో పెట్టుకుని పోస్టు డబ్బా దాకా వెళ్ళి వచ్చాను. శాలువా కప్పించుకున్నాక ఇంకా కష్టమైంది. ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు, ఇంకో రోజుకు ఏమవుతుంది అని రోజూ అనుకున్నాను. పదకొండున పేపరు చూశాను. ఎల్లాజీ పేరు చదివాను. పన్నెండున వేశాను. చించేయొచ్చు, చించలేదు. మూడో తేదీ ఉన్న ఉత్తరం నీకు చేరితే, ముసలాయన ముందే హెచ్చరించాడు, పోస్టువాళ్ళే ఆలస్యం చేశారు అనుకుంటావన్న ఆశ కూడా ఆ కవరులో ఉంది. ముద్ర సంగతి తోచలేదు. నువ్వు చిన్న అక్షరాలు చదువుతావని మరిచిపోయాను.

నువ్వు తాతతో అన్న మాట నీది కాదు, నాది. నీ నోట పలికించింది నేను. ఆ ఒక్కటీ నీ మీద వేసుకోకు.

మీ నాన్నకు ఆ ఉత్తరం నువ్వు చదవొద్దు. నేనే వచ్చి చదువుతాను. బుధవారం పలాస పాసింజరులో బయలుదేరుతున్నాను. రాంబాబుకు అంతా చెప్పాను, కాగితం మీద ఏమీ రాయకుండా వెళ్ళి కొట్లో కూర్చున్నాడు. మీ అమ్మ గున్నమ్మగారినీ, దాలయ్యగారినీ, పద్నాలుగు బోట్లవాళ్ళనీ, పక్క పేటలవాళ్ళనీ షెల్టరు దగ్గరికి రమ్మను. మూడో తేదీ ఉత్తరం, ఈ ఉత్తరం, రెండూ అందరి ముందూ గట్టిగా చదువుతాను. మీ నాన్న నన్ను మంచివాడని అన్నది నేను వినే ముందు, నేనేం చేశానో ఆయన వినాలి.

చదవడం అయ్యాక వాళ్ళు ఏమన్నా నాకు వినపడదు. అందుకని నువ్వు ఒక నోటుబుక్కు పట్టుకుని నా పక్కన నిలబడు. ఎవరు ఏమంటే అది, తిట్టు అయితే తిట్టు, శాపం అయితే శాపం, ఒక్క మాట వదలకుండా, మెత్తబరచకుండా రాసి చూపించు. మీ నాన్న మాట అన్నిటికంటే ముందు రాయి.

ఈ ఉత్తరం రాసిన రోజే డబ్బాలో వేస్తున్నాను. ముద్ర చూసుకో.

రంగనాథం.